త్రివేణి ఇచ్చిన టెంప్లేట్

కళ్యాణదుర్గం వేరుశనగ యార్డులో, పట్టపగలు, బస్తాల మధ్య మారెప్ప కుప్పకూలాడు. సైలెన్సర్ వాడారు. పక్కనే కాటా వేస్తున్న హమాలీ కూడా వడదెబ్బ అనుకున్నాడు.

ఆ కబురు అందేసరికి ఏజెంట్ వీరేష్ మడకశిర గొర్రెల సంతలో ఉన్నాడు, దళారి వేషంలో. చీఫ్ దివాకర్ ఫోన్‌లో పొడిగా మాట్లాడాడు; సంతకు మఫ్టీ పోలీసుల్ని పంపుతున్నానన్నాడు. మారెప్ప తన ఇన్‌ఫార్మర్ అని తెలిసింది వీరేష్ ఒక్కడికే. మరి తాము వెంటాడుతున్న విదేశీ గూఢచారుల ముఠాకు ఎలా తెలిసింది?

వీరేష్ ఎవరికీ చెప్పలేదు. కానీ రాశాడు. డిపార్ట్‌మెంట్ నోట్స్ యాప్‌లో రిపోర్టు రాసేటప్పుడు ఇన్‌ఫార్మర్ అసలు పేరును కామెంట్‌గా దాచుకోవడం ఏజెంట్లకు అలవాటు. రాసినవాడి స్క్రీన్ మీద కనిపిస్తుంది, పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే కనిపించదు. అదీ వాళ్ల ధీమా! ఈ పొద్దున ఇంకో పేరు కూడా అలాగే దాచి రిపోర్టు పంపాడు: జోయల్, మడకశిర సంత, నీలం తువ్వాలు.

జోయల్ రాడార్ కేంద్రంలో ఎలక్ట్రీషియన్. ముఠాలో చేరినట్టు నటించి, వాళ్లందరి పేర్లూ మెమరీ కార్డులోకి ఎక్కించాడు. దాన్ని వీరేష్ చేతిలో పెట్టడానికి ఇంకాసేపట్లో వచ్చేస్తాడు.

వీరేష్ పరుగున జీపెక్కి ల్యాప్‌టాప్ తెరిచాడు. స్టీరింగ్ దగ్గర అతని పార్ట్‌నర్ త్రివేణి. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, బెంగళూరు మాంసం ఎక్స్‌పోర్టర్ వేషం. రిపోర్టుల టెంప్లేట్ తయారుచేసి ఇచ్చింది ఆమే. ఇన్నేళ్లుగా అందులో ఖాళీలు నింపడమే తప్ప వీరేష్ దాన్ని విప్పి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు చూశాడు. చిట్టచివర, ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్ కింద ఒక కమాండ్: కామెంట్లతో సహా ఒక కాపీ, డిపార్ట్‌మెంటుది కాని అడ్రసుకు.

నాయన చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆసుపత్రి బెంచీ మీద తనతో కూర్చున్న మనిషి ఈమె. వీరేష్‌కు ఆమె మెడ పట్టుకుని అడగాలనిపించింది. అడిగితే జోయల్ దక్కడు.

"ఏం రాస్తాండావప్పా?" అంది త్రివేణి.

"రిపోర్టే. ఎండకు స్క్రీన్ కనపడల్యా."

గేటు దగ్గర నీలం తువ్వాలు కనిపించింది. వెనకే కంబళ్లు కప్పుకున్న ఇద్దరు కాపరులు. వెంట ఒక్క గొర్రె లేదు! ఒకడి చెయ్యి కంబళిలోకి పోయింది.

వీరేష్ అదే టెంప్లేట్‌లో కామెంట్ కొట్టాడు: నీలం తువ్వాలు ఎర మాత్రమే, అసలు జోయల్ బత్తలపల్లె బస్టాండులో. ఎక్స్‌పోర్ట్ నొక్కాడు.

త్రివేణి ఒళ్లో ఫోన్ టింగుమంది. ఆమె చూసింది, గబగబా ఏదో టైప్ చేసింది. జోయల్ వీపుకు చేరువైన కాపరి ఠక్కున ఆగి, తన ఫోన్ చూసుకుని, వెనక్కి తిరిగాడు. వీరేష్ జీపులోంచి చెయ్యి చూపగానే, దివాకర్ పంపిన మఫ్టీ పోలీసులు ఇద్దర్నీ గేటు దగ్గరే పట్టుకున్నారు.

వీరేష్ జీపు తాళం లాగేశాడు.

"నేను టెంప్లేట్ విప్పుతానని నీకు అనుమానమే రాల్యా?"

త్రివేణి కళ్లద్దాలు తీసింది. అబద్ధం ఆడలేదు. "నువ్వు ఎప్పుడూ విప్పవనుకుంటి."

"నిన్ను నమ్మినా. అందుకే విప్పలేదు. నువ్వు మారెప్ప పేరు నా చేత్తోనే రాయించినావు."

ఆమెను పోలీసులకు అప్పగించి అతను జోయల్ దగ్గరికి నడిచాడు. సంతలో బేరం నోటితో కాదు; తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు. అలాగే పట్టుకున్నారు. మెమరీ కార్డు చేతులు మారింది.

"ఇంత సులువుగా అయిపాయ కదన్నా!" అన్నాడు జోయల్, ఎంత గండం తప్పిందో తెలియక.

వీరేష్ అతణ్ని జీపెక్కించాడు. తర్వాత దివాకర్‌కు ఫోన్ చేసి జరిగిందంతా నోటితోనే చెప్పాడు. దివాకర్ ఓపిగ్గా విని శభాష్ అన్నాడు.

"ఇదంతా రాసి పంపప్పా," అన్నాడు చివర్లో. "టెంప్లేట్ ఉండాది కదా."