గడ్డి వేసిన గూడు

"గుడ్డు దొర్లితే పగలదూ?" అంది ఇన్సాఫ్.

"పగలదు పిన్నీ. గూడు అడుగు వెనక్కి కాస్త వాలుగా ఉంది చూడండి. పెట్ట గుడ్డు పెట్టగానే అది మెల్లగా ఈ గుడ్డతెర కిందినుంచి దొర్లి, వెనక తొట్టెలోకి వచ్చి ఆగుతుంది. పెట్టకి కనపడదు, ఇక తినదు."

"పెట్ట జారిపడి కాలు విరిగితే? గాలికి ఈ పెట్టె మేడ మీదనుంచి ఎవరి నెత్తినైనా పడితే?"

"ఉస్తా," అంది కూతురు రావియా, "మా అమ్మకి భయం పుట్టించని వస్తువు మహల్లాలో ఇంకా తయారు కాలేదు."

వడ్రంగి షౌకీని వీధంతా ఉస్తా, అంటే మేస్త్రీ, అనే పిలుస్తుంది. నవ్వు దాచుకోవడానికి అతను రెండు మేకులు నోట్లో పెట్టుకున్నాడు. మేకులు మింగేస్తాడేమోనని ఇన్సాఫ్‌కి మరో భయం పట్టుకుంది.

అతను మెట్లు దిగాడో లేదో, ఇన్సాఫ్ గూట్లో రెండు గుప్పిళ్లు వరిగడ్డి పరిచింది. ఆమె తల్లీ అలాగే పరిచేది. ఉత్త చెక్క మీద గుడ్డు పెట్టమంటే ఏ పెట్టకి మనసొప్పుతుంది?

మర్నాడు గూట్లో పెంకులే మిగిలాయి. తెల్లపెట్ట ముక్కు సొన అంటి పచ్చగా ఉంది.

కబురందుకుని షౌకీ వచ్చాడు. మూత ఎత్తి చాలాసేపు లోపలికి చూశాడు. తరవాత రావియా వైపు చూశాడు. ఆమె ఎదురింటి పావురాలను లెక్కపెడుతోంది.

"వాలు చాల్లేదు పిన్నీ," అంటూ అరగంట సుత్తితో కొట్టి వెళ్లాడు. ఇన్సాఫ్ మళ్లీ గడ్డి సర్దింది.

అలా మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి రావియా ఒక గ్లాసు టీ తెచ్చింది, రెండోసారి రెండు గ్లాసులు. మూడోసారి గ్లాసులతో పాటు నువ్వుల బిస్కట్లూ వచ్చాయి. గుడ్డు మాత్రం తొట్టెలోకి రాలేదు.

నాలుగోసారి శుక్రవారం నాడు, ఇస్త్రీ చొక్కాతో, తల్లిని వెంటబెట్టుకుని, మిఠాయి పెట్టెతో వచ్చాడు. రావియాని అడగడానికే వచ్చారని అర్థమై ఇన్సాఫ్‌కి కొత్త భయం పట్టుకుంది.

"కోపం తెచ్చుకోకండి," అంది షౌకీ తల్లితో. "మీవాడు మంచివాడే. కానీ మూడుసార్లు బాగుచేసినా ఒక్క గుడ్డు దొర్లలేదు. గూడే నిలబెట్టలేనివాడు రేపు ఇల్లెలా నిలబెడతాడు?"

షౌకీ తల్లి మొహం ముడుచుకుని చేతిసంచీ అందుకుంది. షర్బత్ గ్లాసులతో వచ్చిన రావియా పళ్లెం బల్ల మీద పెట్టేసింది.

"అందరూ ఒక్కసారి పైకి రండి," అంది రావియా.

మేడ మీద ఆమె గూట్లోంచి గడ్డంతా లాగి పారేసింది. "గుడ్డుకి అడ్డం పడింది ఇదమ్మా."

అంతలో ఎర్రపెట్ట గూట్లో దూరింది. పండగ బట్టల్లో నలుగురూ దాని ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పెట్ట అటు తిరిగింది, ఇటు తిరిగింది, కూర్చుంది. చాలాసేపటికి తెర కదిలింది. గుడ్డు నింపాదిగా దొర్లుతూ వచ్చి తొట్టెలో ఆగింది. చిన్న గీత కూడా పడలేదు.

"నీకెప్పటినుంచి తెలుసే?" అంది ఇన్సాఫ్.

"రెండో రోజునుంచి."

"నీకు, ఉస్తా?"

"నాకూ అప్పుడే పిన్నీ."

"మరి గడ్డి తీయలేదేం?"

"తీసేస్తే మళ్లీ పిలుస్తారా?"

"మరి ఆ సుత్తి దెబ్బలు?"

"ఉత్త చెక్కముక్క మీద కొట్టాను. బాగున్న పనిని పాడు చేయబుద్ధి కాలేదు."

షౌకీ తల్లి ముందుగా నవ్వింది. ఇన్సాఫ్‌కి నవ్వాలో భయపడాలో తెలియలేదు. ఇద్దరూ ఇంత గుట్టుగా ఉంటే రేపు తన దగ్గర ఇంకేం దాస్తారో. అయినా కూతురి మొహం చూసింది. ఆ మొహంలోనూ అచ్చం తనకున్నంత భయం ఉంది.

"షర్బత్ చల్లదనం పోతుంది, పదండి. సంబంధం ఖాయమైనట్టు ఫాతిహా కిందే చదువుకుందాం," అంది.

అందరూ దిగాక ఆమె ఒక్కతే వెనక్కి వచ్చింది. కింద పడిన గడ్డి గుప్పెడు తీసి ఈసారి గూట్లో కాదు, తొట్టెలో పరిచింది. దొర్లిపోక తప్పనప్పుడు, ఆగే చోటన్నా మెత్తగా ఉండాలి కదా.