వెలుగు ముందు, ఎక్స్‌రే తర్వాత

శ్రీధర్ సారు బడి మిద్దె మీద టెలిస్కోపు పెట్టాడనగానే మా ఊరంతా మెట్లెక్కింది. సారు బోధన్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ఇంట్లో భార్య ముందు తలెత్తడు. ఆ ముచ్చట ఆకాశం మీద తీర్చుకుంటాడు.

ఎండాకాలం. అప్పుడే పొద్దు గూకింది. కొట్టేసిన చెరుకు తోటల్లో ఆకు కాలుస్తున్నారు. ఆ తీపి పొగ మిద్దె దాకా వస్తోంది.

సారు కంప్యూటర్‌లో రెండు ఫోటోలు చూపించాడు. మొదటిదాంట్లో సుడి తిరిగిన పొగలాంటిది. రెండోదాంట్లో అదే పొగ, అంచున ఒక తెల్లటి చుక్క.

“ఇది పోయిన వారంది. ఇది నిన్నటిది. కొత్త సూపర్‌నోవా, అవ్వా.”

“ఇప్పుడు పుట్టిందా సారూ?” అని అడిగాను.

“సచ్చింది. పెద్ద నక్షత్రం పేలిపోయింది. రెండు కోట్ల ఏండ్ల కింద. కబురు ఇప్పుడొచ్చింది.”

“గంత ఆలస్యమా! నాకు చెప్తే మాపటికల్లా వర్ని దాక అన్ని ఊర్లకు తెలుస్తుండె.”

అందరూ నవ్వారు. పక్కింటి కావ్య నవ్వలేదు.

“వెలుగు ముందొచ్చింది. ఎక్స్‌రేలు ఇంకా రాలే. చుట్టున్న దుమ్ము పలచబడ్డంక వస్తయి. ఉపగ్రహాలు గవ్విటి కోసమే చూస్తున్నయి,” అన్నాడు సారు.

ఎక్స్‌రే అనగానే మావాళ్లకు ఫిలిం అడ్డం పెట్టుకుని చూసిన గ్రహణం గుర్తొచ్చింది. మర్నాడు రాత్రి తలా ఒక దవాఖానా ఫిలిం పట్టుకుని మళ్లీ మిద్దె ఎక్కారు. కాశయ్య తన మోకాలిది కంటికి అడ్డం పెట్టుకుని, చుక్క కనబడిందన్నాడు. పెళ్లిచూపుల్లోనూ ఏం కనబడకుండానే తలూపిన మనిషి.

కావ్య తెచ్చింది వాళ్లమ్మ ఛాతీది. ఆ ఫిలిం నాకు తెలుసు.

కావ్య తల్లి హన్మవ్వ బీడీలు చుట్టేది. తంబాకు దుమ్ముకు దగ్గేది. దగ్గు చివర సన్నటి ఈల. రెండేళ్ల కింద నిజామాబాద్‌లో ఫోటో తీయించుకుని, నేరుగా నా దగ్గరికే తెచ్చింది. అప్పుడు నేను తమలపాకుకు సున్నం రాస్తున్నాను. ఫిలిం ఒడిలో పెట్టుకుని చూస్తే తెల్లటి మచ్చ. “క్షయ,” అన్నాను. మాపటికల్లా ఊరికంతా తెలిసింది. ఆమె చుట్టిన బీడీలు ఎవరూ తీసుకోలేదు. డాక్టర్ కాగితం కన్నా నా మాటే నమ్మి, హన్మవ్వ కూతుర్ని నిజామాబాద్ హాస్టల్‌కు పంపింది. మళ్లీ గడప తొక్కనివ్వలేదు. ఆ వానాకాలం దగ్గు వినబడడం ఆగిపోయింది. మూడో రోజు తలుపు పగలగొట్టాం.

హన్మవ్వ పదో రోజు కర్మ నాడు ఆ ఫిలిం మళ్లీ నా చేతికొచ్చింది. మచ్చ మీద కొంగు తగిలింది. మచ్చ... రాలిపోయింది.

సున్నం. నా బొటనవేలి సున్నం.

బతుకులో నేను దాచుకున్న ముచ్చట అదొక్కటే.

ఇప్పుడు మిద్దె మెట్ల దగ్గరి బల్బు కింద కావ్య అదే ఫిలిం ఎత్తి పట్టింది. గుసగుసగా అడిగింది.

“పెద్దవ్వా, డాక్టర్ కాగితం మొన్న పెట్టెల దొరికింది. ఏం లేదని రాసిండ్రు. నువ్వు కండ్లార చూసినవు గద. మచ్చ ఏది? చూపియ్యి.”

‘లేదు బిడ్డా’ అంటే అయిపోయేది.

“ఇగో... ఇక్కడ,” అని బొటనవేలు చూపించాను. ఫిలింకు తాకలేదు. ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను, తాకలేదు.

కరెంటు పోయింది.

చెరుకు పొగ వాసన ఆగింది. దాని చోట తంబాకు దుమ్ము... ముక్కు పుటాలు మండేంత దగ్గరగా. నీళ్ల ట్యాంకు వెనక ఎవరో దగ్గారు. ఒకసారి. ఇంకోసారి. చివర... సన్నటి ఈల.

“ఎవలో దగ్గుతుండ్రు,” అన్నాడు కాశయ్య.



కరెంటు వచ్చింది. నేను చూపించిన చోట... మచ్చ.

“ఉన్నది,” అంది కావ్య. ఏడ్చింది. “కాగితమే తప్పు రాసిండ్రు. నీ మీద అనుమానపడ్డ పెద్దవ్వా, ఏమనుకోకు.”

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి కావ్యకు దగ్గు.

దగ్గు మొదలైన పదకొండో రోజు పొద్దున శ్రీధర్ సారు సైకిల్ మీద పోతూ వాకిట్లో ఆగాడు. “అవ్వా, ఎక్స్‌రేలు వచ్చినయి! ఉపగ్రహానికి దొరికినయి!” అని కేకేసి పోయాడు. ఆయన వెనకే కావ్య వచ్చింది, నిజామాబాద్‌లో తీయించుకున్న ఎక్స్‌రే కవరుతో. అంటించిన కవరు అంటించినట్టే ఉంది.

“నువ్వే ముందు చూడు పెద్దవ్వా. నాకు భయమైతుంది.”

ఈసారి ఒడిలో పెట్టుకోలేదు. ఎండకు ఎత్తి పట్టాను. పక్కటెముకల మధ్య తెల్లటి మచ్చ. అందులో సన్నటి గీతలు... సుడి తిరిగి ఉన్నాయి. కొంగుతో తుడిచాను. ఇటు తుడిచాను. అటు తుడిచాను.

పోలేదు.

“ఏమున్నది? నువ్వు చెప్పిందే నమ్ముత,” అంది కావ్య. దగ్గింది. ఈల వినబడింది.

హన్మవ్వ పదో రోజు నుంచి నేను ఆకు ముట్టలేదు. ఇంట్లో సున్నం డబ్బీ కూడా లేదు.

బొటనవేలు చూసుకున్నాను.

తెల్లగా ఉంది. ఇంకా తడిగానే ఉంది.