సీసా మీద బొట్టు

పొద్దున్నే అద్దం ముందు నిలబడ్డ సూర్యారావుకు తన ముఖం కంటే ముందు భార్య బంగారమ్మ బొట్టు బిళ్ళలు కనిపించాయి. అద్దం అంచు పొడుగునా ఎర్రవి, మెరూన్‌వి, ఆకుపచ్చవి. స్నానాల గది తలుపు మీద రెండు, ఫ్రిజ్ మీద ఒకటి. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ అంటిస్తూనే ఉంది, ఆయన పీకుతూనే ఉన్నాడు. రాత్రి తీసిన బిళ్ళను చెత్తబుట్టలో వేయడానికి ఈ ఆడవాళ్ళకు ఏం రోగమో ఆయనకు ఇంతవరకూ అర్థం కాలేదు.

రోగాల సంగతి ఆయనకు తెలిసినంతగా ఒడిశాలోని ఈ బరంపురంలో ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. గేట్ బజార్ దగ్గర ఆయనకు మందుల షాపు ఉంది. ఊళ్ళో సగం మందికి నా చేతి మీదుగానే నయమైంది అని చెప్పుకుంటాడు. మిగతా సగం సంగతి ఎవరూ అడిగిన పాపాన పోలేదు. వారం కిందట కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటి శుక్లం అలాగే ఉంది. నల్లద్దాలు తగిలించుకుని ఇంట్లో కూర్చోవడం ఆయనకు పరువు తక్కువగా ఉంది.

అద్దం కింద అరలో మూడు చిన్న తెల్ల సీసాలున్నాయి. రెండు ఆయన కంటి చుక్కలు, మూడోది బంగారమ్మ చెవిలో గులిమి కరగడానికి వేసుకునే మందు. కంటి సీసాల మీద కూడా బిళ్ళలే. ఒకదానికి ఎర్రది, ఇంకోదానికి ఆకుపచ్చది. సూర్యారావుకు ఒళ్ళు మండింది. ఆఖరికి మందు సీసాలను కూడా వదల్లేదన్నమాట. రెండింటినీ గోటితో గీకి, నలిపి పారేసి, మూడు సీసాలనూ షాపులో బీరువాలో పెట్టినట్టు వరుసగా నిలబెట్టాడు. ఇప్పుడు చూడ్డానికి పద్ధతిగా ఉంది.

అంతలో కూతురు దివ్యశ్రీ సంచి భుజాన వేసుకుని వచ్చింది. బెంగళూరులో ఒక కంపెనీలో పని చేస్తుంది. చూపు తగ్గినవాళ్ళు, వేళ్ళు వంగనివాళ్ళు, ఇంగ్లీషు రానివాళ్ళు కూడా పొరపాటు పడకుండా వాడుకునే మందు సీసాలు ఎలా ఉండాలో కనుక్కోవడం ఆ కంపెనీ పని. దానికోసం ఇళ్ళకు వెళ్ళి, మనుషులు మందులు ఎలా వాడుతున్నారో కూర్చుని చూడాలి. ఈ ఆదివారం దాకా గంజాం జిల్లా ఊళ్ళు తిరగడానికి వచ్చింది.

"ఈవేళ ఏ ఊరు?" అన్నాడు సూర్యారావు.

"చికిటి నానా."

"ఎల్లి ఏటి సేస్తావు? ఎవుడో ముసలోడు కంట్లో సుక్క ఏసుకుంటుంటే నోరు తెరుచుకు సూస్తావు. అంతేనా?"

"అంతే. నిన్న గిరిసోలలో ఒకావిడ సీసా మూతకి బెజ్జం పెట్టడానికి గాజుకున్న పిన్నీసు తీసింది. ఆ పిన్నీసుతోనే అంతకుముందు కాల్లో ముల్లు తీసుకుంది. అలాంటివి చూడాలి."

"బుర్రలేనోళ్ళు. ఆళ్ళకి సీసా ఎలా సేసినా అంతే."

"బుర్ర ఉంది నానా. బెజ్జం లేని సీసా అమ్మింది మనం. తన దగ్గర ఉన్నదానితో ఆవిడ బెజ్జం పెట్టుకుంది."

సూర్యారావు ముక్కుతో నవ్వాడు. ఆయనకు ఆ నవ్వు బాగా అలవాటు. షాపుకు వచ్చి 'ఏది పొద్దుట, ఏది సాయంత్రం బాబూ' అని రెండోసారి అడిగినవాళ్ళందరికీ ముందు ఆ నవ్వే దొరుకుతుంది, మందు తరువాత.

"మనింట్లో కూడా ఒకసారి చూస్తానంటే నువ్వు ఒప్పుకోలేదు" అంది దివ్యశ్రీ చెప్పులు వేసుకుంటూ.

"మందుల షాపోడింట్లో మందెలా ఏసుకోవాలో నువ్వు సూస్తావా? నలుగురికీ తెలిస్తే నవ్విపోతారు. ఆ ఉద్యోగం ఒగ్గేసి కౌంటర్లో కూకో. రోజుకి వందమంది తెలివితక్కువోళ్ళని కూకున్న సోటే సూడొచ్చు."

ఆ పిల్ల బదులు చెప్పకుండా వెళ్ళిపోయింది. మాట పడలేక వెళ్ళిందనుకుని సూర్యారావు సంతోషించాడు. నిజానికి ఆటో హారన్ కొట్టింది.

కాసేపటికి బంగారమ్మ చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నల్లద్దాలు తీసి, కన్ను తెరిచి సిద్ధంగా ఉన్నాడు. అర దగ్గరకు వెళ్ళిన మనిషి అక్కడే నిలబడిపోయింది.

"ఏవండీ, వీటి మీద బిళ్ళలేవి?"

"పీకేసినాను. మందు సీసాకి బొట్టేటే? పేరంటానికి పిలిచినావేటి?"

బంగారమ్మ మూడు సీసాలనూ ఒకటి తరువాత ఒకటి తిప్పి చూసింది. చికిటిలో ఒడియా బళ్ళో చదువుకున్న మనిషి. ఒడియా పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది. సీసాల మీద ఒడియా లేదు. తెలుగూ లేదు. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలున్నాయి.

"ఏది ఏదో తెల్డం నేదు. ఒక్కసారి పేరు సదివి సెప్పండి" అంది, ఒక సీసా ఆయన చేతిలో పెట్టి.

సూర్యారావు సీసాను దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. ఒక కంటికి మసక, ఇంకో కంటికి నీటి పొర. పేరు ఉండవలసిన చోట బూడిదరంగు గీత ఒకటి కనిపించింది, అంతే. ఇన్నేళ్ళు మందులమ్మిన మనిషి సీసా మీద పేరు కనబడటం లేదని పెళ్ళాంతో చెప్పడమా? ఆ మాట నోటిదాకా కూడా రాలేదు.

"ఇదే. ఎయ్" అన్నాడు.

"సరిగా సూసినారా?"

"వారం నుంచి ఏస్తన్నావు, ఇంకా తెల్దేటే? ఎయ్యి అంటంటే."

ఆవిడ వేసింది.

నిప్పు పడ్డట్టయింది. సూర్యారావు కేక వేసి కుర్చీలోంచి లేచిపోయాడు. బంగారమ్మ సీసా పారేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి కడిగి, పారేసిన సీసాను కొంగున కట్టుకుని ఆయన్ని ఆటో ఎక్కించింది. కంటి ఆస్పత్రిలో డాక్టరు చాలాసేపు కన్ను కడిగి చూశాడు. సీసా మీద పేరు చదివితే, వేసింది చెవి మందు. ఆపరేషన్ గాయానికి కుట్టు కూడా లేదు, అయినా అదృష్టం బాగుండి లోపలికి దెబ్బ తగల్లేదు, ఎర్రదనం తగ్గడానికి వారం పడుతుంది, మూడు రోజులకు మళ్ళీ వచ్చి చూపించుకోవాలి, మళ్ళీ ఇలా జరిగితే మాత్రం చూపుకు హామీ లేదని ఒడియాలో చెప్పాడు. ఎవరు వేశారని అడిగాడు.

"ఇంకెవరు? ఇదే" అన్నాడు సూర్యారావు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళందరికీ వినబడేలా అన్నాడు. "సెవి మందుకీ కంటి మందుకీ తేడా తెల్దు దీనికి. సదువులేని దాన్ని కట్టుకుంటే ఇలాగే ఉంటాది. నా కన్ను పోవలసింది ఈవేళ."

నర్సు బంగారమ్మ వైపు చూసింది. బెంచీ మీది ఆడవాళ్ళు చూశారు. బంగారమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఒక్క మాట అంటే చాలు, మీరే కదా ఇదే అన్నారు అని. ఆవిడ అంటుందేమోనని సూర్యారావు నల్లద్దాల కోసం తడుముకున్నాడు. ఆవిడ అనలేదు. నల్లద్దాలు తుడిచి ఆయనకు పెట్టి, చెయ్యి పట్టుకుని బయటకు నడిపించింది.

చికిటి నుంచి సాయంత్రం వచ్చిన దివ్యశ్రీ సంగతి విని సీసాలు చూసింది. "వీటి మీద బిళ్ళలు ఏవి?" అని అడిగింది.

"మీ అమ్మ శుభ్రం లేకుండా అంటిస్తే నాను తీసేసినాను."

"శుభ్రం లేక అంటించలేదు నానా. ఎర్రది నాలుగుసార్లు వేసేది, ఆకుపచ్చది రెండుసార్లు వేసేది. చెవి మందుకి ఏదీ లేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నన్ను అడిగి అమ్మే పెట్టుకుంది. వారం రోజులు ఒక్క చుక్క తప్పు పడలేదు."

సూర్యారావుకు గోటి కింద ఇంకా ఆ జిగురు ఉన్నట్టు అనిపించి వేళ్ళు పంచెకు రాసుకున్నాడు. అయినా పక్కకు తిరిగి, "అంత తెలివుంటే పేరు సదవడం నేర్సుకోవాలి" అన్నాడు.

"ఈ సీసాల మీద పేరు నువ్వు చదవగలవా ఇప్పుడు?"

"ఎందుకు సదవలేను" అన్నాడు ఆయన గోడకేసి.

రాత్రి చుక్కలు వేయమని కూతురు అంటే బంగారమ్మ వంటింట్లోంచి రాలేదు.

"నాను ముట్టను. సదువులేని సెయ్యి. ఇంకోసారి ఏటైనా అయితే ఆ పాపం నాను మొయ్యలేను" అంది. కోపం లేకుండా అంది. ఆవిడ చెవి మందును కూడా కాగితంలో చుట్టి వంటింటి గూట్లో పైన పెట్టేసింది. చెవి నొప్పి పెడుతున్నా వేసుకోలేదు. తన కుడి చేతిని తనే నమ్మలేనట్టు ఆ పూట వంకాయలు కూడా మెల్లగా తరిగింది.

ఆ పూటకు దివ్యశ్రీ వేసింది. ఆదివారం ఆ పిల్ల వెళ్ళిపోతుంది, చుక్కలేమో నెల దాటి వేయాలి. సూర్యారావు పడుకున్నాడే గాని నిద్ర పట్టలేదు. ఆస్పత్రిలో భార్య తన ముఖంలోకి చూసిన చూపు ఆయనకు పదేపదే కనిపించింది. దానికి మసక లేదు.

తెల్లారాక ఆయన తనంతట తాను వేసుకోవాలనుకున్నాడు. కూతుర్ని సీసా అడిగి తీసుకుని తల వెనక్కి వాల్చాడు. మొదటి చుక్క బుగ్గ మీద పడింది. రెండోది ముక్కు మీద. మూడోసారి సీసా మొన కంటికి తగలబోయింది. 'చేతకాకపోతే ఎవరినైనా అడుగు, బుర్ర లేదా' అని కౌంటరు వెనక నుంచి తను ఎంతమందిని కసిరాడో గుర్తొచ్చింది. ఆ కసిరే గొంతు ఎంత అసహ్యంగా ఉంటుందో మొట్టమొదటిసారి తన చెవికే వినబడింది.

దివ్యశ్రీ ఆ రోజు చూడవలసిన ఊరికి బయల్దేరబోతూ ఆగింది. "వేయనా నానా?"

"వద్దు. కూకో. నీ ఫోను తియ్యి. నీ పనికి ఇంటింటికీ ఎల్లి అందరి మాటలూ రికార్డు సేస్తావు కదా, నాది కూడా సెయ్యి."

ఆ పిల్ల వింతగా చూసి, ఫోను తీసి బల్ల మీద పెట్టింది. సూర్యారావు వంటింటి గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"బరంపురంలో ఒక మందుల షాపోడున్నాడు. ఆడి పెళ్ళాం సీసా ఇచ్చి పేరు సదవమంది. ఆడికి కనబళ్ళేదు. కనబళ్ళేదని సెప్పడానికి సిగ్గేసింది. ఇదే, ఎయ్యి అన్నాడు. ఆవిడ సరిగా సూసినారా అని మళ్ళీ అడిగింది. అయినా ఎయ్యమన్నాడు. తరవాత నలుగురిలో సదువులేనిదని తిట్టినాడు. అంతా ఆడే సేసినాడు. ఆవిడ తప్పు ఏటీ నేదు."

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. నిన్నటి నుంచి తల్లి దాచినదేమిటో దివ్యశ్రీకి అప్పుడు తెలిసింది.

బంగారమ్మ గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు నిండి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"అందరి ముందు తిట్టి, వంటింటి ముందు ఒప్పుకుంటే సరిపోతాదేటి?"

"సరిపోదు. ఎల్లుండి సూపించుకోడానికి ఎల్లాలి కదా. డాక్టరు ముందు, నర్సు ముందు, బెంచీల మీదోళ్ళ ముందు సెప్తాను."

"సెప్పకపోతే?"

"కన్ను నీ సేతిలోనే ఉంటాది కదే."

బంగారమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నవ్విందో ఏడ్చిందో సూర్యారావు మసక కంటికి తెలియలేదు. ఆయన లేచి అద్దం దగ్గరకు వెళ్ళాడు. తడుముతూ అంచు మీది బిళ్ళల్లో ఒక ఎర్రది, ఒక ఆకుపచ్చది జాగ్రత్తగా ఒలిచి, సీసాలకు అంటించి, ఎప్పుడూ లేనంత వినయంగా పట్టుకొచ్చాడు.

బంగారమ్మ కూతురికి చూపించింది. "సరిగా పెట్టినారేటే?"

"లేదమ్మా. ఎర్రది రెండుసార్ల దానికి పెట్టాడు."

"మందుల షాపోడు!" అంది బంగారమ్మ. రెండు బిళ్ళలూ తీసి మార్చి అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కింది. చేతులు మళ్ళీ ఒకసారి కడుక్కుని వచ్చింది. సూర్యారావు అప్పటికే కుర్చీలో వాలి ఉన్నాడు.

"ఇది ఎర్ర బిళ్ళది" అని సీసా ఆయన ముందు పెట్టింది. "మీకు కనబడతన్నాదా?"

"అక్షరాలు కనబడ్డం నేదు. బొట్టు కనబడతన్నాది."

"మరైతే కదలకండి" అంది బంగారమ్మ, ఎడమ చేత్తో ఆయన రెప్ప పైకెత్తి పట్టుకుని.