తేనెపట్టు కాల్చిన పిల్ల

కుంతలగిరి రాజ్యంలో ఒకనాడు తెల్లవారేసరికి రాజు మొదలు పసిపిల్లల దాకా అందరి ఒళ్లూ తేనెటీగలు కుట్టినట్టు మండసాగింది. వైద్యుల లేపనాలేవీ పనిచేయలేదు. ఆ మంట సోకనిది ఒక్క పూదేవికే. ఆమె అడవిలో తేనె తీసేవాడి కూతురు. ముందురోజు పొగ పెట్టే ఓపిక లేక, కాగడాతో తేనెపట్టునే అంటించింది. మంటల్లోంచి యక్షిణి భ్రమరాక్షి లేచి, "నా ఈగలు పడ్డ బాధ నీవాళ్లంతా పడతారు. నువ్వు చూస్తూ ఉండు" అని శపించి, ఉత్తరపు కొండల వైపు ఎగిరిపోయింది.

మూలుగుతున్న తమ్ముణ్ణి చూడలేక, ఎవరికీ నిజం చెప్పే ధైర్యమూ లేక, పూదేవి ఆ కొండల దారి పట్టింది.

దారిలో ఒక ముని ఎదురై ఆమె కథంతా విన్నాడు. దివ్యదృష్టితో కుంతలగిరిని చూశాడు.

"శాపం తొలగించడం ఎందుకమ్మా? బాధే మనిషిని పండిస్తుంది. మీ రాజు ఇప్పుడు పేదల గోడు వింటున్నాడు. నువ్వు మేలే చేశావు" అన్నాడు.

ఆ మాటతో పూదేవి గుండె బరువు దిగినట్టయింది. అలా దిగినందుకే ఆమెకు సిగ్గు వేసింది.

"తప్పు చేసినదాన్ని కనుక ఈ మాట నాకు హాయిగానే ఉంది, స్వామీ. మా తమ్ముడి పక్కన కూర్చుని వాడితో చెప్పగలరా?"

ముని తల దించుకుని, కొండదారి చూపించాడు.

మొసళ్ల ఏరు ఈది, పులులు తిరిగే కోన దాటి, పూదేవి యక్షిణి గుహ చేరింది. "అందరి మంటా నాకే పెట్టు తల్లీ" అని కాళ్ల మీద పడింది.

"పెడితే నీ మనసు తేలికవుతుంది. వీటికేం ఒరుగుతుంది?" అంది భ్రమరాక్షి. గుహనిండా రెక్కలు కాలిన ఈగలు నేలమీద పాకుతున్నాయి.

పూదేవి లేచి కొండంతా తిరిగి, పూల తేనె పోగుచేసి, ఒక్కొక్క ఈగకూ గడ్డిపరకతో పట్టించింది. ఆ పని ఎంతకాలం సాగిందో ఆమెకే తెలియదు. మెల్లగా కొత్త రెక్కలు మొలిచాయి. చివరి ఈగ ఎగిరిన నాడు భ్రమరాక్షి శాపం వెనక్కి తీసుకుంది.

కుంతలగిరి చల్లబడింది. పూదేవి నిండు కొలువులో జరిగినదంతా చెప్పింది. రాజు ఆమెకు అడవి మీద అధికారం ఇచ్చాడు. "ఈ కష్టమే నిన్ను ఇంతదాన్ని చేసింది" అని మెచ్చుకున్నాడు.

"ఆనాడు కాస్త ఓపిక పట్టి ఉంటే నేను మామూలు పిల్లగానే ఉండేదాన్ని మహారాజా. ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు. అదే బాగుండేది" అంది పూదేవి.

పదవిని మాత్రం కాదనలేదు. ఆమె ఏలుబడిలో, దెబ్బతిన్న లేడినో పిట్టనో మోసుకుని ఎవరు ఏ వేళ వచ్చినా ఆమె ఇంటి తలుపు తెరిచే ఉండేది.