ఎడమవైపు బరువు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది నాన్న. రెండేళ్ల క్రితం కుడి తుంటికి ఆపరేషన్ అయినప్పుడు డాక్టరు నడవమన్నాడని, తెల్లవారీ తెల్లవారకముందే బయల్దేరి ఏడింటికల్లా తిరిగొస్తాడు. వచ్చాక వంటింట్లో కుర్చీ లాక్కుని, కాఫీ వచ్చేదాకా బల్ల మీద వేళ్లతో దరువేస్తూ కూర్చుంటాడు. నలభై ఏళ్లు గుర్రపు స్వారీ నేర్పిన మనిషి. ఊళ్లో సగంమందికి ఆయన మాస్టారు. ఇంట్లో మాత్రం కాళ్లకి మేజోళ్లు తొడగాలంటే అమ్మ వంగాల్సిందే.

ఆ రోజు బల్ల మీద కాఫీతోపాటు పెద్దకూతురు రాసిన రిపోర్టు కూడా ఉంది. ఆమె ఫిజియోథెరపిస్టు. పొద్దున గుర్రాల నడుములూ, సాయంత్రం వాటిని ఎక్కేవాళ్ల నడుములూ సరిచేయడం ఆమె పని. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఒక ఆడగుర్రాన్ని అందరూ చుక్క అంటారు. దానికి నెలన్నరగా వీపు బాగాలేదు. జీను కింద ఎడమవైపు చెయ్యి పెడితే చాలు, ఒళ్లంతా ముడుచుకుంటోంది. ఎక్కే మనిషి ఎడమకి ఒరిగి కూర్చుంటే వచ్చే నొప్పి అది. చుక్కని ఎక్కేది ఈ ఇంటి చిన్నకూతురు. కాబట్టి ఒరుగుతున్నది చిన్నదే అని రిపోర్టులో ఉంది. మధ్యాహ్నం అది గుర్రపుశాల మేనేజరు చేతికి వెళ్తే, వచ్చే వారం స్వారీ పోటీల జట్టు ఎంపికలో చుక్క మీద ఇంకో అమ్మాయి కూర్చుంటుంది. నాలుగేళ్లుగా చిన్నది దేనికోసం ఒళ్లు హూనం చేసుకుందో అది కాస్తా చేజారిపోతుంది.

నేను నిటారుగానే కూర్చుంటున్నానని చిన్నది మొదట్లో గొంతు చించుకుని చెప్పింది. అక్క చెవిన పెట్టలేదు. ఒరుగుడు పోవాలంటూ ఆరు వారాలుగా నడుముకి రబ్బరు పట్టీ కట్టి కుడివైపుకి లాగే వ్యాయామాలు చేయించింది. నొప్పిగా ఉందంటే, పాత అలవాటు వదిలేటప్పుడు నొప్పి మామూలేనని కొట్టిపారేసింది. పిల్ల కొన్నాళ్లకి చెప్పడం మానేసింది. అక్క దాన్ని గుణం కనిపించడం కింద లెక్కేసుకుంది.

పెద్దదానికి పదేళ్లప్పుడు నాన్న ఒకసారి గుర్రం మీంచి దింపి, "నీకు కూర్చోవడం రాదమ్మా, నీవి మంచి చేతులు" అన్నాడు. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమె మాత్రం మళ్లీ గుర్రం ఎక్కలేదు. చిన్నది పుట్టి, నడక వచ్చీరాగానే నాన్న దాన్ని జీను మీద కూర్చోబెట్టి మురిసిపోతుంటే, పక్కన కళ్లెం పట్టుకుని నడిచింది తనే. అవన్నీ పాత సంగతులని ఆమె నమ్మకం.

రిపోర్టు ఇచ్చేముందు చివరిసారి చూద్దామని గుర్రపుశాలకి వెళ్లింది. చిన్నదాన్ని చుక్క ఎక్కనివ్వక అప్పటికి పది రోజులైంది. రోజూ మర్దన చేస్తూనే ఉంది. ఈపాటికి వీపు మెత్తబడి ఉండాలి. ఎడమవైపు చెయ్యి వేసింది. వేడిగా తగిలింది. చుక్క చెవులు వెనక్కి వాల్చి పక్కకి జరిగింది. ఆమె కిటికీ వెలుగులోకి తిప్పి చూసింది. వెంట్రుకలు అతుక్కుపోయి, వీపు మీద సరిగ్గా జీను మేరకి చెమట ఎండిన తెల్లటి చార ఉంది. పది రోజులుగా జీను వేయని గుర్రానికి ఆ చార ఎలా వస్తుంది?

గడ్డి వేస్తున్న ముసలాయన్ని అడిగింది. ఆయన చేతిలో గడ్డి కింద పెట్టి, "మాస్టారు చెప్పొద్దన్నారమ్మా. రెండు నెలలుగా పొద్దున్నే ఓ అరగంట ఎక్కి వెళ్తున్నారు" అన్నాడు.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. నాన్న రోజూ వంటింటి కుర్చీలో కుడి తుంటి మీద భారం పడకుండా ఎడమకి ఒరిగే కూర్చుంటాడు. పరాయి మనిషి గుమ్మంలోంచి నడిచొస్తేనే ఏ తుంటిలో లోపముందో చెప్పగలదని పేరున్న తనే, ఎదురుగా కాఫీ తాగే నాన్నని చూడలేదు. నాన్న మళ్లీ గుర్రమెక్కితే ఇక గేటు లోపలికి రానివ్వొద్దని ఆపరేషన్ అయ్యాక మేనేజరుకి గట్టిగా చెప్పింది కూడా ఆమే.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఆయన ముందు పళ్లెం పెడుతోంది. ఆమె చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చి, చుక్కని ఎక్కుతున్నది నువ్వేనా అని అడిగింది. ఆయన కాదనలేదు. అమ్మ పళ్లెం మీంచి చూపెత్తలేదు. నీకూ తెలుసా అంటే, మేజోళ్లకి గుర్రం వెంట్రుకలు అంటుకుని వస్తుంటే తెలియకుండా ఎలా ఉంటుందంది. రెండేళ్ల తర్వాత మనిషి ముఖంలో కాస్త నవ్వు చూశాను, ఏమనను అని కొంగుతో కళ్లొత్తుకుంది.

"చిన్నదాని తప్పు కాదని నీకు తెలుసు. నొప్పిగా ఉందని అది నీ ముందే ఏడ్చింది, నాన్నా."

"నిజం చెప్తే నన్ను గేటు దాటనివ్వరు. నేల మీద నేనెందుకూ పనికిరాను, నీకు తెలియదా? ఆ అరగంటే నేను మనిషిగా ఉండేది." ఆయన గొంతు తగ్గింది. "దానికి వయసుంది. వచ్చే ఏడు ఇంకో గుర్రం దొరుకుతుంది. నాకేముంది?"

"అందుకని దాన్ని బలి పెడతావా?"

అప్పటిదాకా తల దించుకున్న మనిషి ఆ మాటకి తలెత్తి చూశాడు. "నేను నోరు మూసుకున్నాను. అది నా పాపమే. కానీ దాని తప్పని చెప్పింది నేను కాదు. ఎవరొచ్చినా ముందు బల్ల మీద పడుకోబెట్టి, వెన్నంతా తడిమి చూసిగాని మాట అనవు కదా. చెల్లెల్ని ఒక్కసారైనా చూశావా? చూస్తే దాని వెన్ను నిటారుగా ఉందని నీ చేతులే చెప్పేవి."

ఆమె చూడలేదు. చూడాలని అనిపించనే లేదు. చుక్క వీపు మీద నొప్పి దొరికిన రోజు, చిన్నదానికీ కూర్చోవడం రాలేదన్నమాట అని మనసులో ఏదో చల్లబడింది. ఆ సంగతి ఇన్నాళ్లూ తనకి తాను కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు వంటింటి మధ్యలో నిలబడి ఉంటే అది తేటతెల్లంగా కనిపించి, తన మీద తనకే రోత పుట్టింది.

చిన్నది గుమ్మం దగ్గర నిలబడి అంతా వింది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. రిపోర్టు అందుకుని అక్క నిలువునా చించేసి, ఇప్పుడే మేనేజరుకి చెప్తాను, ఎంపికలో చుక్క నీదే అంది.

"చెప్పు," అంది చిన్నది. "కానీ నేను ఎక్కలేనక్కా. ఆ పట్టీతో లాగీ లాగీ మూడు రోజులుగా కుడికాలు జీను మీదుగా వేసేంత లేవడం లేదు. మెట్లు కూడా గోడ పట్టుకుని దిగుతున్నాను."

నాన్న బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా లేచి, ఫోను తనే తీసుకుని మేనేజరుకి చేశాడు. ఎక్కింది నేను, పిల్లకి ఏ పాపం తెలియదు అని చెప్పాడు. అవతల చాలాసేపు మాట్లాడారు. అన్నిటికీ ఆయన సరే అన్నాడు. ఫోను పెట్టేసి, చిన్నదాని వైపు ఒక అడుగు వేశాడు. అది పక్కకి తప్పుకుంది. ఆయన గదిలోకి వెళ్లిపోయాడు. ఆయన వెనక వెళ్లబోయి అమ్మ ఆగిపోయింది.

ముందుగదిలో తను వైద్యం చేసే బల్ల మీద దుప్పటి మార్చి, పెద్దది చెల్లెల్ని పిలిచింది. వస్తుందని అనుకోలేదు. వచ్చింది, బోర్లా పడుకుని ముఖం గోడవైపు తిప్పుకుంది. పెద్దది అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంది. వేయబోయిన చెయ్యి గాల్లోనే ఆపింది.

"ఎక్కడ నొప్పి?" అని అడిగింది.

"ఈ మాట అడగడానికి నీకు ఆరు వారాలు పట్టింది," అంది చిన్నది. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. తర్వాత చెయ్యి వెనక్కి తెచ్చి, కుడి తుంటి పైన చోటు చూపించింది.

అక్క అక్కడ చెయ్యి వేసింది. కళ్లనీళ్లు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోవడానికి ఆ చెయ్యి తీయలేదు.