పాతరలో మూడో గొంతు

పెద్దవంగర అవతల ఇరవై గడపల చిన్న ఊరది. ఆ ఊళ్ళో మణెమ్మ ఇంటి పాతర తెలియనివాళ్ళు లేరు. వాకిట్లో తవ్విన ధాన్యపు గొయ్యి. మూతి సన్నగా, లోపల కుండ కడుపులాగా వెడల్పుగా ఉంటుంది. అడుగున నిలబడి చేతులెత్తినా మూతి అందదు, మోకు పట్టుకుని దిగాల్సిందే. చుట్టూ జొన్నచొప్ప పేర్చి, వేపాకు చల్లి, జొన్నలు పోసి, బండ మూసి మట్టి మెత్తితే రెండేండ్లయినా పురుగు పట్టేది కాదు. అయితే ఆ ఏడు, అంటే నలభై ఎనిమిది ఎండాకాలం, అందులో గింజ లేదు. గింజలన్నీ ఎప్పుడో కోటలాంటి దొర గడికి ఎక్కేశాయి. పాతరలో ఉన్నవి రెండు నాటు తుపాకులు, వడిసెలతో విసిరే రాళ్ళు ఒక బస్తా, ఒక బాంబు.

బాంబు అని వాళ్ళనుకున్నారు, పాపం.

పన్నెండు రోజుల కింద, కోతలైపోయిన జొన్నచేలో పడిందది. ఉరుము లేదు, మెరుపు లేదు. చొప్పవాముకు కావలి ఉన్న సమ్మయ్య కళ్ళారా చూశాడు. ఆకాశంలో ఒక చుక్క తన బాట వదిలి పక్కకు జరిగిందట. కాసేపు ఆగిందట. ఏదో వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ కదిలి తిన్నగా కిందికి దిగిందట. దిగిన చోట నిప్పు లేదు, పొగ లేదు. రెండు గుమ్మడికాయలంత నల్లటి గుండు ఒకటి మట్టిలో సగం కూరుకుని ఉంది. ముట్టుకుంటే జ్వరమొచ్చిన మనిషి నుదురులాగా వెచ్చగా తగిలింది.

వేరే ఊరివాళ్ళయితే కాలికి బుద్ధి చెప్పేవాళ్ళు. వీళ్ళు చెప్తారా? దొర మీద తిరగబడ్డ సంఘంలో చేరిన నాటినుంచి వీళ్ళకు ఒకటే యావ, మందు. తుపాకులు రెండున్నా వాటిలో దట్టించే మందుకు కరువు, చిటికెలతో కొలుచుకోవాల్సిందే. ఇది విమానం జారవిడిచిన బాంబే, ఖర్మ బాగుండి పేలలేదు, పగలగొడితే బుట్టెడు మందు దొరుకుతుంది అని సంబరపడ్డారు. గొంగట్లో చుట్టి, పురిటిబిడ్డను తెచ్చినంత పదిలంగా తెచ్చి మణెమ్మ పాతరలో దించారు. కమ్మరి కుమారస్వామి దిగి రోజంతా రాకాడు. ఆకురాయి అరిగింది గానీ గుండు మీద గీత పడలేదు.

"ఇది ఇనుము గాదు, ఇత్తడి గాదు. గీ లోకంల పోసిన పోతే గాదు," అన్నాడతను పైకొచ్చి, చేతులు కడుక్కుంటూ.

"మందు ఏ లోకందైతేంది మామా, పేలితే సాలు," అని నవ్వాడు సమ్మయ్య.

ఆ నవ్విన పిల్లాడే ఈ పొద్దు తొడలో దొర మనుషుల తూటాతో వచ్చి పడ్డాడు. తెల్లవారుతుండగా సంఘం దళం వాళ్ళు మోసుకొచ్చి వాళ్ళక్క ఉప్పలమ్మకు అప్పజెప్పారు. ఉప్పలమ్మ మణెమ్మ కోడలు. ఆమె మొగుడు దళంతోనే తిరుగుతున్నాడు. అమ్మా నాయినలను ఒకే వారంలో గత్తర రోగం ఎత్తుకుపోతే, తొమ్మిదేండ్ల అక్క నాలుగేండ్ల తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆమెకు పుట్టింటి తరఫున మిగిలింది ఆ ఒక్క ప్రాణమే.

"పొద్దుగూకినంక బండి తోల్కొస్తం. మానుకోట దిక్కు మనోడు కంపౌండరున్నడు, తూటా తీస్తడు. అందాక బతికించుకో అక్కా," అని చెప్పి వెళ్ళారు వాళ్ళు.

ఎండ ఎక్కుతుండగా ఊరి చుట్టూ కుక్కలు మొరిగాయి. దొర తుపాకులోళ్ళు ఊరిని చుట్టేశారు. పరుగెత్తే దారి లేదు. మణెమ్మ ఆగమాగం బండ జరిపి, పాత అలవాటు ప్రకారం తాడుకు దీపం కట్టి పాతరలోకి దించింది. దీపం ఆరలేదు, అంటే లోపల గాలి మంచిదే. ముందు సమ్మయ్యను మోకు కట్టి దించారు. వెనక ఉప్పలమ్మ దిగింది.

మణెమ్మ మూతి మీదికి వంగింది. "వాళ్ళు పోయినంక నేనే పిలుస్త. మూడుసార్లు పిలుస్త, యాదిపెట్టుకో. ఒక్కసారి పిలిస్తె పలుకకు, రెండుసార్లకు గూడ పలుకకు. దయ్యానికి మూడోసారి పిలిచే తాకతు ఉండదు."

"పగటేళ దయ్యమేందత్తా!" అంది ఉప్పలమ్మ. అంత కష్టంలోనూ ఆమెకు నవ్వొచ్చింది.

"పాతరల పగలేంది, రాత్రేంది!" అని కసిరింది మణెమ్మ. మోకు లాగేసి బండ మూసింది. పైన మట్టి మెత్తుతున్న చప్పుడు, ఆ మట్టి మీద బర్రెను తెచ్చి కట్టేసిన చప్పుడు వినబడ్డాయి. తర్వాత చీకటి.

అట్లాంటి చీకటి ఉప్పలమ్మ ఎన్నడూ ఎరగదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ముక్కిన చొప్ప వాసన, తమ్ముడి నెత్తురు వాసన, వాటి వెనక ఇంకోటి... కాల్చిన సున్నం మీద నీళ్ళు పోసినప్పుడు వచ్చే వాసన. సమ్మయ్య తల ఒళ్ళో పెట్టుకుని చొప్పకు ఆనుకుని కూర్చుంది.

పైన బూట్లు దిగాయి. కేకలు. దెబ్బ తగిలిన చప్పుడు. "సమ్మయ్య ఏడే ముసల్దానా?" అని ఒకడు. "నాకేం తెల్వదు బాంచెన్... నాకేం తెల్వదు..." అని మణెమ్మ ఏడుపు. మళ్ళీ దెబ్బ. ఉప్పలమ్మ పళ్ళ మధ్య కొంగు కుక్కుకుంది. కాసేపటికి ఏడుపు ఆగింది. కానీ వాళ్ళు పోలేదు. వాకిట్లోనే మంచాలు వాల్చుకుని కూర్చున్నారు. కోళ్ళను పట్టుకుంటున్నారు, నవ్వుతున్నారు.

అప్పుడు పాతరలో, ఎదురు మూల నుంచి, చాలా మెల్లగా...

"నాకేం తెల్వదు బాంచెన్."

మణెమ్మ గొంతే. అదే వణుకు, అదే ఎక్కిళ్ళు.

ఉప్పలమ్మ వంగింది. తమ్ముడి చెవిలో గుసగుసలాడింది. "సమ్మిగా... నువ్వేనా అన్నది?"

"నేను గాదక్కా."

"నేను గాదక్కా," అంది మూల.

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. మూలలో ఊపిరి మాత్రం ఆడుతోంది. ఎగపోత, దిగపోత, మళ్ళీ ఎగపోత. ఎవరికో ఊపిరి పీల్చడం కొత్త అయినట్టు లెక్క తప్పుతోంది.

ఉప్పలమ్మ భయస్తురాలు కాదు. దళానికి చీటీలు మోసిన మనిషి. మెల్లగా కాలు చాపి బాంబు ఉండాల్సిన చోట తడిమింది. గుండు తగిలింది. కానీ రెండు చెక్కలుగా విచ్చుకుని ఉంది. లోపల గిన్నెలాగా గుల్ల, తడి తడి. చటుక్కున కాలు లాక్కుంది. కుమారస్వామి రోజంతా రాకినా గీత పడనిది, లోపలి నుంచి తెరుచుకుంది.

"అక్కా... దూప," అన్నాడు సమ్మయ్య. జ్వరం అందుకుంది వాడికి, నోరెండి నీళ్ళడుగుతున్నాడు.

"దూప... దూప... అక్కా దూప," అంది మూల. మొదటిసారి గీరగా, మూడోసారి అచ్చం వాడిలాగా.

"ఊకో కొడుకా, ఊకో."

"ఊకో కొడుకా," అంది మూల. ఈసారి ఉప్పలమ్మ గొంతుతో.

అది నేర్చుకుంటోంది. మనం మాట్లాడితే అది మాట్లాడుతుంది, అది గట్టిగా మాట్లాడితే పైన వింటారు... ఆ సంగతి ఉప్పలమ్మకు అర్థమైంది. సమ్మయ్య పలవరింత మొదలుపెట్టాడు. గతిలేక కొంగు చింపి తమ్ముడి నోట్లో కుక్కింది. పైనుంచి తన అరచేయి అదిమిపెట్టింది. చిన్నప్పుడు గంజి తాగించిన నోరు అది. కళ్ళ నీళ్ళు ఆగలేదు ఆమెకు.

ఎంతసేపు గడిచిందో తెలియదు. పాతరలో గాలి బరువెక్కింది. సున్నం వాసన దగ్గరికొచ్చింది. మూలలో కాదు అది ఇప్పుడు. మోకాళ్ళ ముందే ఉంది.

"అక్కా," అన్నాడు సమ్మయ్య. "నువ్వు పో. నన్నిడిసిపెట్టి పో."

ఉప్పలమ్మ అరచేయి తమ్ముడి నోటి మీదే ఉంది. ఆ పెదవులు కదలలేదు.

ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. అది కొత్త మాట. సొంతంగా అల్లిన మాట...

చేతికందిన వడిసెల రాయి పట్టుకుని చీకట్లోకి చూస్తూ కూర్చుంది. అది ఆమెను ముట్టుకోలేదు. ఎదురుగా ఉండి ఊపిరి తీస్తోంది, అంతే. ఇప్పుడు లెక్క తప్పడం లేదు. ఉప్పలమ్మ పీలిస్తే పీలుస్తోంది. వదిలితే వదులుతోంది.

పైన మంచాలు కిర్రుమన్నాయి. బూట్లు లేచాయి. గుర్రాలు కదిలాయి. చప్పుడు ఊరి బయటికి పోయి సన్నబడింది. తర్వాత మట్టి గీకుతున్న సద్దు.

"ఉప్పలీ!"

పైనుంచేనా? మూలనుంచా? ఉప్పలమ్మకు తెలియలేదు. పెదవులు బిగించింది. ఒక్కసారి పిలిస్తే పలుకొద్దు.

"ఉప్పలీ!"

పైనుంచే. అత్తే. అయినా రెండుసార్లకు పలుకొద్దు.

"ఉప్పలీ!"

"ఓ అత్తా!"

పలికింది ఉప్పలమ్మ గొంతే. ఉప్పలమ్మ మాత్రం నోరు తెరవలేదు.

బండ జరిగింది. సూరీడు పడమటికి వాలినట్టున్నాడు, పచ్చటి వెలుతురు కత్తిలాగా దిగింది. మోకు జారింది. "కండ్లు కనబడ్తలేవే బిడ్డా. తుపాకి మడిమెతోని మొఖం పచ్చడి చేసిన్రు. కండ్లు వాచి మూసుకపోయినయ్," అంటోంది మణెమ్మ. "మోకు పట్టుకో, నేను గుంజుత."

ఏదో ఉప్పలమ్మ భుజం మీద అడుగేసి పైకి పాకింది. తడి గోనెసంచి రాసుకున్నట్టు తగిలింది. బరువే లేదు దానికి. వెలుతురులో ఒక్క క్షణం కనబడింది. చేతులున్నాయి. చివర వేళ్ళు కూడా ఉన్నాయి. మిగిలింది ఇంకా తయారుకాలేదు...

"నీ చెయ్యి గింత సల్లగున్నదేందే?" అంది మణెమ్మ పైన.

"లోపల సలి అత్తా."

"సమ్మయ్య ఏడి?"

"సచ్చిండత్తా." ఏడుస్తోంది ఆ గొంతు. ఉప్పలమ్మ తల్లి చచ్చిన రోజు ఎట్లా ఏడ్చిందో అట్లాగే. "లోపల ఏందో ఉన్నది. మన గొంతులు నేర్చింది. బండ మూసెయ్యి అత్తా, జల్ది!"

ఉప్పలమ్మ తమ్ముడి తల దించి, లేచి నిలబడి అరిచింది. "అత్తా! నేను లోపల్నే ఉన్న! గది నేను గాదు! తమ్ముడు బతికే ఉన్నడు, వాన్ని గుంజు!"

మణెమ్మ మూతి దగ్గరికి పాకింది. పైన ఒక కోడలు, కింద ఒక కోడలు. కళ్ళు లేవు చూడ్డానికి. ఆమె ఎరిగిన ఉపాయం ఒక్కటే.

"నువ్వు నా కోడలివైతె మూడుసార్లు పిలువు," అంది గోతిలోకి వంగి.

"అత్తా!" అంది ఉప్పలమ్మ. "అత్తా!" పాతరలో గాలి చాలడం లేదు. ఒక్క గుక్క ఊపిరి తీసుకుంది, మూడోసారి పిలవడానికి.

"అత్తా."

మూడోది పైనుంచి వచ్చింది. మణెమ్మ చెవి పక్కనుంచి, మెల్లగా, ముద్దుగా.

"రెండే," అంది మణెమ్మ. "కిందినుంచి రెండే అచ్చినయ్."

ఉప్పలమ్మ మళ్ళీ పిలిచింది. మూడు కాదు, ముప్పైసార్లు పిలిచింది. "ఇనకత్తా, మన పిలుపు ఇని ఇప్పుడే నేర్చింది," అంది పైన గొంతు. మోకు పైకి పోయింది. వెలుతురు నెలవంకంత అయింది, గీతంత అయింది, పోయింది. బండ మీద పచ్చిమట్టి తపతపా పడుతోంది. గోడ చొప్ప పీకింది. ఎగిరింది. గోళ్ళు ఊడేదాకా మట్టి గీరింది. మూతి అందలేదు.

చివరికి తమ్ముడి దగ్గరికి పాకి నోట్లో కుక్కిన గుడ్డ తీసింది. వాడింకా బతికే ఉన్నాడు.

"బండి అచ్చిందా అక్కా?" అన్నాడు.

"అస్తున్నది కొడుకా," అంది ఉప్పలమ్మ.

మట్టి మెత్తడం అయిపోయింది. పైన మాటలు సన్నగా వినబడుతున్నాయి. ఉప్పలమ్మ గొంతు అత్తను ఓదారుస్తోంది. మొఖం కడుగుతానంటోంది. నీళ్ళు పోసిన చప్పుడు. తర్వాత ఆ గొంతే, జాలిగా, ప్రేమగా అడిగింది.

"అత్తా, గిట్ల దాసుకున్నోళ్ళు ఇంకెంతమందున్నరు? ఎవరెవరి ఇండ్లల్ల పాతరలున్నయ్?"

మణెమ్మ చెప్పడం మొదలుపెట్టింది. కోడలే కదా, పైగా సంఘం మనిషి, దాపరికం దేనికి? కుమారస్వామి కొలిమి వెనక ఒకటి. వాగొడ్డున చంద్రయ్య దొడ్లో ఒకటి.

"ఇగ మన పక్కింట్ల, యాకమ్మ వాకిట్ల ఒకటి," అంది.

"ఓ, వస్తున్ననే మణెమ్మా," అని యాకమ్మ గొంతు పలికింది, బండకు సరిగ్గా పైనుంచి.

యాకమ్మ పుట్టింటికని జనగామ పోయి అప్పటికి నెల దాటింది; గుండు పడి పన్నెండు రోజులే, ఆమె గొంతును అది ఎన్నడూ వినలేదు.