లింగమ్మ మగ్గం, అనసూర్య సైన్సు

"సైన్సు లేదట అవ్వా!... సైన్సు లేదని తోలేసిన్రు!"

అనసూర్య గడప మీదే కూలబడి ఏడ్చింది. రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతున్న లింగమ్మ చేతిలో నూలుపోగు పుటుక్కున తెగింది. నిన్న నవ్వుతూ హైదరాబాదు వెళ్లిన బిడ్డ ఇలా వచ్చిందే!... ఆ తల్లి గుండె ఎన్ని ముక్కలైందో ఎవరికి తెలుసు?

లడాయిలో కాళ్లు చేతులు చచ్చుబడి తిరిగొచ్చిన సిపాయిల కోసం హైదరాబాదులో ఒక దవాఖాన వాళ్లు కొత్త క్లాసు పెడుతున్నారు. మందుతో కాదు, మాలీషుతో, కసరత్తుతో పడిపోయిన చేతిని లేపే చదువు అది. అనసూర్య తండ్రి సిద్దిరాములుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆ పిల్లే తండ్రిని రోజూ వరంగల్లు దవాఖానకు నడిపించుకొని పోయేది. అక్కడి డాక్టరమ్మ చెయ్యి ఎలా మడుస్తుందో, ఎలా చాపుతుందో చూసి, ఇంటికొచ్చి అచ్చం అలాగే చేసేది. ఆ పిల్ల శ్రద్ధ చూసి చూసి డాక్టరమ్మే అంది, ఆ క్లాసులో చేరమని. అనసూర్య మిడిల్ పరీక్ష పాసైంది కూడా. కానీ ఆ క్లాసు వాళ్లకు సైన్సుతో మిడిల్ పాసైన వాళ్లే కావాలట. ఆడపిల్లల బడిలో సైన్సు ఎక్కడిది? దాని బదులు కుట్టుపని చెప్పారు!

ఎవడు పెట్టాడమ్మా ఈ రూలు? బడిలో సైన్సు చెప్పరు. చెప్పని సైన్సు రాలేదని క్లాసులో చేర్చుకోరు! కాళ్లు కట్టేసి ఉరకమన్నట్టు కాదా ఇది? చదివే అక్కల్లారా, మీరే చెప్పండి!

ఒక్కటే దారి. హనుమకొండలో మగపిల్లల బడిలో ఒక ఏడాది కూర్చొని, సైన్సు పరీక్ష రాసి, వచ్చే ఏడు మళ్లీ అడగాలి.

ఆ మాట వినగానే పక్కింటి నుంచి పెద్దులు ఉరికి వచ్చాడు. పెద్దులు సిద్దిరాములుకు అన్న. చెడ్డవాడు కాదు. తమ్ముడి చెయ్యి పడిపోయిన నాటి నుంచి తన మగ్గం నేసుకొని, ఆ తర్వాత తమ్ముడి మగ్గం కూడా నేసి ఈ ఇంటికి ఇంత గంజి పోస్తున్నవాడు. కానీ కులం, పరువు అంటే ప్రాణం ఇచ్చే మనిషి!

"మొగ పోరగాండ్ల నడుమ కూసుంటదా? ఏమే లింగమ్మా, నీకు మతి ఉన్నదా? రేపు దాన్ని ఎవడు చేసుకుంటడు?"

"చేసుకొనేటోని ఫికర్ తర్వాత బావా. ముందు బిడ్డ బతుకు సూడనియ్యి."

"గట్లనా! అయితే విను. అది ఆ బడి గడప తొక్కిన్నాడు నేను ఈ మగ్గం మీద చెయ్యి పెట్ట. నేసేటోడు లేని ఇల్లు ఏం తింటదో సూస్త!"

మంచం మీద సిద్దిరాములు కళ్ల నుంచి నీళ్లు జారాయి. మాట తిరగని నోరు... ఏం చెప్పగలడు? అనసూర్య లేచి, "వద్దులే అవ్వా, నేను పోను..." అంది.

లింగమ్మ లేచింది. కొంగు నడుముకు బిగించింది.

"నేసేటోడు లేకుంటె నేసేది ఉన్నది బావా," అంది.

ఆ వాడలో ఆడవాళ్లు కండెలు చుట్టాలి, పడుగు పోగులకు గంజి పట్టాలి. మగ్గం కింద కాళ్లతో తొక్కే గుంటలో మాత్రం కాలు పెట్టకూడదు. పెడితే ఇంటికి అరిష్టమట! గంజి పట్టేటప్పుడు రాని అరిష్టం గుంటలో దిగితే వస్తుందా? లింగమ్మ ఆ గుంటలోకి దిగింది. బావ చూస్తుండగానే దిగింది!

దిగినంత మాత్రాన చీర అవుతుందా? మొదటి చీర అంచు పాములాగా వంకర పోయింది. పెద్దులు భార్య రాజవ్వ వాడంతా వినేట్టు నవ్వింది: "ఆ చీర కట్టుకున్నదానికి ఒక కాలు ఇంట్ల, ఒక కాలు బజాట్ల!" లింగమ్మ విప్పింది, మళ్లీ నేసింది.

మరి కండెలు ఎవరు చుడతారు? అనసూర్య రాట్నం తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"నాయినా, కుడిచేత్తోనే తిప్పాలె. అదే నీ కసరత్తు."

"మొగోన్ని... కండెలు చుడితె... నవ్వుతరు..." సిద్దిరాములు తడబడుతూ అన్నాడు.

"నవ్వనియ్యి! నవ్వితె వాళ్ల పండ్లే కనబడతయి. నీ చెయ్యి మనకు కావాలె!"

అరుగు మీద మగవాడు రాట్నం తిప్పాడు. లోపల ఆడది మగ్గం నేసింది. దారిన పోయేవాళ్లు ఆగి ఆగి చూశారు. చూడనీ!

బడిలో హెడ్‌మాస్టరు రాజేశ్వర్ రావు ముందు తల్లీకూతుళ్లు నిలబడ్డారు. ఆయన కళ్లద్దాలు తీసి, "సైన్సు గదిలో పరదా లేదమ్మా," అన్నాడు.

"పరదా ఎందుకు సారూ? నా బిడ్డ ఏమన్న దొంగతనం చేసిందా మొకం దాసుకోను?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, "ముందు బెంచీలో కూర్చోబెట్టు," అన్నాడు.

మగపిల్లలు ఊరుకుంటారా? "డాక్టరమ్మ వచ్చింది, జర నాడి సూడు!" అని చేతులు చాపారు. అనసూర్య ఒకడి మణికట్టు పట్టుకొని, "నాడి మంచిగనే ఉన్నది, బుద్ధే దొరుకుతలేదు," అంది. బెంచీలన్నీ గొల్లుమన్నాయి. మళ్లీ ఎవడూ చెయ్యి చాపలేదు!

ఇంట్లో మాత్రం కష్టం కష్టమే. తొక్కి తొక్కి లింగమ్మ కాళ్లు వాచేవి. పడుగు తెగితే గుంటలోనే కూర్చొని ఏడ్చేది... ఏడుస్తూనే పోగులు అతికేది. ఒకనాడు పటపటమని పోగులు తెగిన చప్పుడుకు పెద్దులు వచ్చి గడప అవతల నిలబడ్డాడు.

"అయ్యో! అట్ల తొక్కుతరా? ఎడమకాలు పూర్తిగ లేవనియ్యి, తర్వాత కండె పెట్టిన నాడె ఇసురు! పడుగును సంపుతానవ్ గద!"

"చెయ్యి పెట్టనంటివి కద బావా?"

"చెయ్యి పెట్టనన్న. నోరు పెట్టనన్ననా?"

ఆ రోజు నుంచి ఒట్టు తప్పకుండా గడప అవతలే నిలబడి, అరుస్తూ, తిడుతూ, పెద్దులు ఆమెకు నేత నేర్పాడు. అంచు నిలిచింది. కేసముద్రం అంగడిలో లింగమ్మ చీరలు పెద్దులు చీరల పక్కన పెడితే తేడా తెలియలేదు!

అనసూర్య సైన్సులో పాసైంది. హైదరాబాదు వాళ్లు ఈసారి రమ్మన్నారు.

కాజీపేట స్టేషన్‌కు అందరూ కదిలారు. కర్ర పట్టుకొని సిద్దిరాములు కూడా వచ్చాడు. ట్రంకు పెట్టె పెద్దులు నెత్తిన ఉంది, ఎవరినీ ముట్టనివ్వలేదు. అదే బండికి పోతున్న కులపెద్ద వెంకట్రాజం వాళ్లను చూసి ఆగాడు. చుట్టూ మరో నలుగురు కులంవాళ్లు.

"తమ్ముడు మంచాన పడ్డా బిడ్డను పై సదువుకు పంపుతానవంటే మాటలా! శాబాష్ పెద్దులూ, సదివిచ్చింది నువ్వే కద?"

లింగమ్మే మగ్గం నేసిందని వాడలో అందరికీ తెలుసు. కానీ నలుగురిలో ఆ మాట ఎవరూ నోటితో అనలేదు. అంటే కులపంచాయతీలో తప్పు జరిమానా కట్టాలి! 'అవును' అని ఒక్క మాటంటే పెద్దులుకు పేరు, అందరికీ పరువు...

పెద్దులు పెట్టె కిందికి దించాడు. మీసం తుడుచుకున్నాడు.

"నేను కాదు. మా మరదలు లింగమ్మ సదివిచ్చింది. మగ్గం గుంటల దిగి, చీరలు నేసి సదివిచ్చింది! తప్పు ఏస్తవా వెంకట్రాజం? ఎయ్యి. ఆ తప్పేదో నా మీద ఎయ్యి!"

ప్లాట్‌ఫారమంతా వినపడింది! వెంకట్రాజం అటు చూశాడు, ఇటు చూశాడు, గబగబా బండెక్కాడు. పెట్టె ఎక్కించాక కిటికీలోంచి అనసూర్య "అవ్వా!" అని తల్లి చెయ్యి పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది. లింగమ్మ ఏడవలేదు. తల దించుకోలేదు. ఆ నలుగురినీ ఒక్కొక్కరినే సూటిగా చూసింది.

బండి కదిలి, దాని వెనక డబ్బా కనుమరుగయ్యే దాకా నిలబడి, అప్పుడు వెనుదిరిగింది.

"పోదాం పా బావా," అంది. "మగ్గం మీద చీర సగంల ఉన్నది."